చెర్రీ రొయ్యలు రోజుకొకటి చనిపోతున్నాయి, మందు వేయాలా?

కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. 20 లీటర్ల అక్వేరియం ట్యాంక్ కొత్తగా పెట్టి, వారం తిరక్కుండానే 20 ఎర్ర చెర్రీ రొయ్యలు తెచ్చి వేశారు. మూడో రోజు నుంచి రోజుకి ఒకటో రెండో పోతున్నాయి. వాడేది ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లే. నీళ్లు తేటగా ఉండాలని రెండు రోజులకోసారి సగం నీళ్లు మారుస్తున్నారు. చనిపోయిన వాటిలో కొన్నిటికి మెడ వెనకాల తెల్లటి గీత ఉంగరంలా చుట్టూ కనిపించింది. అమ్మిన షాపతను నీలం రంగు మందు వేయమన్నాడట. వేయొచ్చా, మిగిలిన 11 బతుకుతాయా, ఇంకో 20 తెచ్చుకోవచ్చా అని అడుగుతున్నారు.

మందు వేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది జబ్బు కాదండీ. నీళ్లలో ఖనిజాలు లేక రొయ్య తన గుల్ల విడవలేకపోతోంది. దానికి తోడు ట్యాంక్ ఇంకా పచ్చిగా ఉంది, అంటే మలినాల్ని మార్చే బ్యాక్టీరియా ఇంకా స్థిరపడలేదు. ఈ రాత్రి నుంచి సగం సగం నీళ్లు మార్చడం ఆపేయండి. నాలుగైదు రోజులు మేత వేయకండి. ఎయిర్ పంపు ఆపకుండా నడవనివ్వండి. రొయ్యల కోసం అమ్మే ఖనిజాల ఉప్పు (జీహెచ్ అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కొలత, కేహెచ్ అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల కొలత, ఆ రెండూ పెంచేది) తెప్పించుకుని వారం రోజుల్లో నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లండి. అలా చేస్తే 11లో ఎక్కువ భాగం నిలబడతాయని నా నమ్మకం.

ఉప్పు తెప్పించే ముందు ఒక్కటి చూసుకోండి. మీ ఆర్‌ఓ మెషిన్‌లో రాగి కలిపే రకం క్యాట్రిడ్జ్ ఉందా? ఇప్పుడు చాలా ఇళ్లలో అవే ఉన్నాయి. మనిషికి ఆ మోతాదు ఏమీ కాదు, రొయ్యకి మాత్రం విషం. దాని రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఆధారంగా ఉండే పదార్థమే అయినా, నీళ్లలో రాగి కొంచెం ఎక్కువైతే తట్టుకోలేదు. రాగి కలిపే మెషినైతే ఆ నీళ్లు ట్యాంక్‌లోకి అస్సలు వద్దు, వీధిలోని వాటర్ ప్లాంట్ నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకోండి. రాగి బిందెలో పట్టి ఉంచిన నీళ్లు కూడా వద్దు. చేపల తెల్లమచ్చల జబ్బుకి అమ్మే మందుల్లో చాలావాటిలో రాగే ఉంటుంది. సీసా మీద ఏముందో చదవకుండా ఏ రంగు మందూ రొయ్యల ట్యాంక్‌లో వేయొద్దని చెప్పేది అందుకే.

ఇప్పుడు ఆ తెల్లటి ఉంగరం సంగతి. రొయ్యకి ఎముకలు లేవు, పైనున్న గుల్లే దాని అస్థిపంజరం. ఒళ్లు పెరగాలంటే పాత గుల్ల వదిలేయాలి. పెద్ద రొయ్య సుమారు మూడు నాలుగు వారాలకోసారి విడుస్తుంది, పిల్లలైతే ఇంకా తొందర తొందరగా. ఒక ఆదివారం పొద్దున నేను ట్యాంక్ ముందే కూర్చుని ఉండగా ఒక ఆడ రొయ్య జావా మాస్ అనే నాచు కొమ్మ పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. తల భాగం, తోక భాగం కలిసే చోట వీపు మీద సన్నగా పగిలింది. రెండుసార్లు ఒళ్లు విదిలించి, ఒక్క దూకు దూకి ఆ పగులులోంచి బయటపడింది. కొమ్మని పట్టుకుని మిగిలిపోయిన గుల్లని దగ్గరగా చూస్తే మీసాలు, కాళ్ల చివరి గోళ్లు, కళ్ల మీది పొర, అన్నీ ఉన్నాయి, లోపల మాత్రం ఖాళీ. ఆ రొయ్య అడుగున చెక్క కిందకి దూరి ఒకటి రెండు రోజులు బయటికి రాలేదు. కొత్త గుల్ల మెత్తగా ఉంటుంది కాబట్టి అది గట్టిపడేదాకా దాక్కుంటుంది.

ఆ గట్టిపడటానికి కావలసింది కాల్షియం, మెగ్నీషియం. అవి నీళ్లలో లేకపోతే గుల్ల వీపు మీద ఒక్కచోట పగలకుండా చుట్టూరా చీలిపోతుంది. ముందు సగం, వెనక సగం విడివిడిగా ఒంటికి అంటుకుపోయి ఉంటాయి, ఎటు లాగినా రాదు. మీరు చూసిన తెల్లటి ఉంగరం ఆ చీలికే. ఆ స్థితికి వచ్చిన రొయ్యని చేత్తో కాపాడలేం, దయచేసి ఫోర్సెప్స్‌తో లాగే ప్రయత్నం చేయకండి. మిగిలిన వాటికి ఆ పరిస్థితి రాకుండా చూడటమే మన పని.

నాకు ఈ విషయం మొదట అర్థమైంది అక్వేరియం పుస్తకాల వల్ల కాదు, భీమవరం దగ్గర రొయ్యల చెరువు చేసే మా మేనమామ వల్ల. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడుతుంటే ఆయన చెరువులో మినరల్స్ చల్లిస్తాడు. "రొయ్య గుల్ల విడిచే టైమురా, ఇప్పుడు నీళ్లలో సరుకు లేకపోతే మెత్తరొయ్య అయిపోతుంది" అనేవాడు. ఆయనది వనామీ, ఉప్పునీటి జాతి. మనది నియోకారిడినా, తైవాన్, చైనా వైపు వాగుల్లో ఉండే మంచినీటి జాతి, పెద్దదైనా ఇంచికి అటూ ఇటూ. కానీ గుల్ల కట్టుకునే లెక్క రెండింటికీ ఒకటే.

మీరు చేసిన రెండో పని, సగం సగం నీళ్లు మార్చడం, దీన్ని ఇంకా ముదిరేలా చేసింది. నీళ్ల గుణం ఒక్కసారిగా మారితే రొయ్య టైము కాకుండానే గుల్ల విడవడానికి సిద్ధమవుతుంది, కింద కొత్త గుల్ల ఇంకా తయారై ఉండదు. చేపల ట్యాంక్ చేసినవాళ్లకి నీళ్లు మార్చడం మంచి అలవాటు, నాకూ అదే ఉండేది. రొయ్యలకి వారానికి పదో వంతు చాలు. కొత్త నీళ్లని సన్నటి గొట్టంతో చుక్కలుగా వదలాలి, మగ్గుతో గుమ్మరించకూడదు.

నీళ్లు ఎలా ఉండాలి: జీహెచ్ 6 నుంచి 10, కేహెచ్ 2 నుంచి 6, పీహెచ్ 6.5 నుంచి 7.8, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న మొత్తం ఉప్పుల కొలత) 150 నుంచి 300. వీటిలో ఏదో ఒక అంకె పట్టుకుని అక్కడే స్థిరంగా ఉంచండి. టీడీఎస్ ఈ వారం 180, వచ్చే వారం 290 అయ్యేకన్నా ఎప్పుడూ 280 ఉండటం మేలు. కేహెచ్ ఎందుకంటే, అది సున్నా అయితే పీహెచ్‌ని నిలబెట్టేది ఏదీ ఉండదు, ఒక్కసారిగా పడిపోతుంది. ఉట్టి ఆర్‌ఓ నీళ్లలో ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు మీ ట్యాంక్ టీడీఎస్ 50, 60 దగ్గర ఉంటుందనుకుంటున్నా. టీడీఎస్ పెన్ కొనుక్కోండి, కొన్ని వందల్లో వస్తుంది. ఉప్పుని ముందు ఒక గ్లాసు ట్యాంక్ నీళ్లలో పూర్తిగా కరిగించి, రోజుకి 20 నుంచి 30 పాయింట్లు మాత్రమే పెరిగేలా చుక్కలుగా వదలండి. 200 దాటాక ఆపి జీహెచ్ కొలవండి. ఉప్పు ఆర్డర్ పెట్టి వచ్చేలోగా ఏదో ఒకటి చేయాలనిపిస్తే పక్షుల షాపులో సముద్రపు నురుగు బిళ్ల దొరుకుతుంది, చిన్న ముక్క వేయండి. దాన్లో ఉండేది కాల్షియమే, అదీ చాలా నెమ్మదిగా కరుగుతుంది. ఉప్పుకి బదులుగా మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

ఉప్పు ఖర్చు వద్దనుకుంటే మన హైదరాబాద్ నీళ్లతోనే నడిపించవచ్చు, నేను చాలాకాలం అలాగే నడిపాను. మా ఇంటికి వచ్చే మంజీరా నీళ్లు నా పెన్‌లో 280, 340 మధ్య ఆడుతుంటాయి. బకెట్‌లో పట్టి, ఒక రోజు ఎయిర్ స్టోన్ పెట్టి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి వాడతాను. బోరు నీళ్లు 900 చూపిస్తాయి, అవి నేరుగా పనికిరావు. ఒక వంతు బోరుకి నాలుగు వంతులు ఆర్‌ఓ కలిపితే 210 దగ్గరికి వస్తుంది. కలిపాక జీహెచ్ తప్పకుండా కొలవాలి. ఎందుకో ఈ సంగతి చదివితే తెలుస్తుంది.

మియాపూర్‌లో పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉండే మిత్రుడొకడు మీలాగే రొయ్యల్ని పోగొట్టుకుంటున్నాడు. అతని కుళాయి నీళ్ల టీడీఎస్ 640. "ఇన్ని ఖనిజాలుండగా గుల్ల సమస్య ఎలా వస్తుంది" అని అతని వాదన. నేను జీహెచ్ టెస్ట్ కిట్ పట్టుకెళ్లాను. ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే అంత జీహెచ్ ఉన్నట్టు. మా ఇంటి బోరు నీళ్లకైతే రంగు మారడానికి ఇరవైకి పైగా చుక్కలు వేయాలి. అతని ఇంట్లో మొదటి చుక్కకే ఆకుపచ్చ అయిపోయింది. అపార్ట్‌మెంట్ మొత్తానికి కింద సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది. అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. టీడీఎస్ పెన్‌కి అన్ని ఉప్పులూ ఒకటే, తేడా చెప్పలేదు. మీది గేటెడ్ కమ్యూనిటీ అయితే సాఫ్ట్‌నర్ ఉందేమో వాచ్‌మన్‌నో మెయింటెనెన్స్ వాళ్లనో ముందే అడగండి. మిత్రుడు ఆ నీళ్లు మానేసి క్యాన్ నీళ్లు, ఖనిజాల ఉప్పు వాడటం మొదలుపెట్టాక రెండు నెలల్లో పిల్లలు కనిపించాయి.

ఇక పచ్చి ట్యాంక్ విషయం. కొత్త ట్యాంక్‌లో రొయ్యల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో, ఇసుకలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ 20 లోపు. మీది వారం కూడా కాకముందే రొయ్యలు వేసిన ట్యాంక్ కాబట్టి అమ్మోనియా కిట్‌తో ఒకసారి చూడండి. కనిపిస్తే మాత్రం రోజుకి పదో వంతు నీళ్లు మార్చాలి. పోసే నీళ్ల టీడీఎస్ ట్యాంక్ టీడీఎస్‌తో సమానంగా ఉండాలి, చుక్కలుగానే పోయాలి. తెలిసినవాళ్ల దగ్గర పాత ట్యాంక్ ఉంటే, అందులో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ ఒకటి అడిగి తెచ్చుకోండి, తడి ఆరకుండా తెచ్చి పెట్టండి. దీనంత మేలు చేసేది ఇంకోటి లేదు.

బ్యాక్టీరియా ఒక్కటే కాదు, రొయ్యకి పాకుడు కావాలి. రాళ్ల మీద, చెక్క మీద, అద్దం మీద పట్టే ఆ జిగురు పొరే దాని అసలు తిండి. రోజంతా చిన్న చిన్న చేతులతో గీరుకుంటూ తింటూనే ఉంటుంది. తళతళలాడే కొత్త ట్యాంక్‌లో మనం వేసే గుళికలు తప్ప ఏమీ ఉండదు. ముందు అద్దం ఒక్కటి తుడుచుకోండి, మిగతా మూడు వైపులా పాకుడు వదిలేయండి. మన వీధుల్లో బాదం చెట్లకి కొరత లేదు. రాలి ఎండిన గోధుమ రంగు ఆకులు, రోడ్డు దుమ్ము, పురుగుమందు తగలని చోటివి ఏరుకుని, కడిగి, ఐదు నిమిషాలు మరిగించి ఒకటి వేయండి. నీళ్లు లేత టీ రంగుకి వస్తాయి, కంగారు పడొద్దు. రెండు వారాలకి ఆకు ఈనెలు మాత్రమే మిగులుతాయి.

మేత గురించి ఎక్కువ చెప్పను. పాకుడు వచ్చాక రెండు రోజులకోసారి చిటికెడు చాలు. ఉడికించిన పాలకూర రెక్క గానీ సన్నటి సొరకాయ ముక్క గానీ బాగా కడిగి వేసి, మూడు గంటల్లో తీసేయండి.

మన ఊళ్లో ఇంకో రెండు ప్రమాదాలున్నాయి, ఇవి పరదేశపు వీడియోల్లో చెప్పరు.

ఒకటి దోమల మందు. లిక్విడ్ మెషిన్లు, కాయిల్స్, బొద్దింకల స్ప్రేలు, వీటిలో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్ జాతి మందులు. దోమని చంపేది రొయ్యనీ చంపుతుంది, రెండూ కీళ్లకాళ్ల జీవులే. ఎయిర్ పంపు గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి ఊదుతుందని గుర్తుంచుకోండి. ఒక ఏడాది ఆగస్టులో వానలు పడుతున్నప్పుడు సాయంత్రం మా వీధిలోకి ఫాగింగ్ బండి వచ్చింది. కిటికీ తెరిచి ఉంది, పంపు కిటికీ గూట్లోనే ఉంది. గంటలో రొయ్యలన్నీ ఒకేసారి పైకీ కిందకీ పిచ్చిగా ఈదడం మొదలుపెట్టాయి. నాకు మొదట అర్థం కాలేదు, ఆడది గుల్ల విడిచినప్పుడు మగవి అలా తిరుగుతాయి కాబట్టి అదే అనుకున్నాను. రాత్రికి ఒకటొకటిగా పక్కకి ఒరిగి, కాళ్లు మాత్రం వణుకుతూ పడి ఉన్నాయి. తెల్లారేసరికి 60లో 9 మిగిలాయి. మూడేళ్లు పెంచిన గుంపు అది. ఆ రోజు నుంచి ట్యాంక్ ఉన్న గదిలో దోమతెర తప్ప ఏమీ వాడం. బండి చప్పుడు వినిపిస్తే కిటికీలు మూసి, పంపు ఆపి, ట్యాంక్ మీద తడిగుడ్డ కప్పి, పొగ పూర్తిగా పోయాక మళ్లీ వేస్తాం.

కొత్త మొక్కలూ ఇలాంటివే. నర్సరీలో పురుగుమందు కొట్టి ఉండొచ్చు. విడిగా బకెట్‌లో రెండు వారాలు ఉంచి, నీళ్లు మారుస్తూ ఆ తర్వాతే వేయండి.

రెండోది ఎండాకాలం. చెర్రీకి 22 నుంచి 26 డిగ్రీలు హాయి, 28 వరకు ఫర్వాలేదు, 30 దాటితే కష్టం. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్యకి మాత్రం ఎక్కువ కావాలి. మే నెలలో పై అంతస్తు ఇళ్లలో ట్యాంక్ నీళ్లు 33 దాకా పోవడం నేను చూశాను. మూత తీసి, నీళ్ల మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాన్ బిగించండి. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఆవిరై మూడు డిగ్రీల వరకు తగ్గుతుంది. వానాకాలం గాలిలో ఇంత పనిచేయదు, అప్పుడు అంత అవసరమూ పడదు. ఆవిరైన నీళ్ల స్థానంలో ఉట్టి ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు ట్యాంక్‌లోనే ఉండిపోతాయి. మళ్లీ మంజీరా నీళ్లే పోస్తూ పోతే రెండు నెలల్లో టీడీఎస్ 500 అవుతుంది. ఐసు సీసాలు వేయకండి, గంటలో నాలుగు డిగ్రీలు పడి మళ్లీ ఎక్కడం 31 డిగ్రీలు నిలకడగా ఉండటం కన్నా చెడ్డది. చలికాలంలో మన దగ్గర హీటర్ అక్కర్లేదు, పిల్లలు పెట్టడం కాస్త తగ్గుతుంది, అంతే.

20 లీటర్లు నడుస్తుంది, కాదనను. కానీ చిన్న ట్యాంక్ తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చెడుతుంది. 40 లీటర్లకి మారగలిగితే మీకే తేలిక. నలుపు తెలుపు చారల క్రిస్టల్ రొయ్యల మీదికి మనసు పోతే ఇప్పుడే వద్దు. వాటికి మెత్తటి, పుల్లటి నీళ్లు, 24 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. చిల్లర్ లేకుండా ఇక్కడి వేసవి దాటించలేం.

రోజూ ట్యాంక్ చూసేటప్పుడు ఒక తేడా గుర్తుపట్టండి. అడుగున తెల్లగా, గాజులా పారదర్శకంగా, కదిపితే తేలిపోయేది విడిచిన గుల్ల. దాన్ని తీయకండి, ఖనిజాల కోసం రొయ్యలే తినేస్తాయి. ఉడికించిన రొయ్యలా గులాబీ రంగులోకి తిరిగి, లోపల కండ కనిపించేది చనిపోయిన రొయ్య, దాన్ని వెంటనే తీసేయాలి. చాలామంది గుల్లల్ని లెక్కపెట్టి రొయ్యలు పోయాయని టెన్షన్ పడుతుంటారు. మీ 11 లెక్క కూడా రాత్రి లైటు ఆపాక టార్చ్‌తో ఒకసారి సరిచూడండి, దాక్కున్నవి ఉండవచ్చు.

ఇక ఇంకో 20 తేవడం గురించి. ఇప్పుడు తేవద్దు. అమ్మోనియా సున్నా అయి, మూడు వారాల పాటు ఒక్కటీ చనిపోకుండా, గుల్లలు పూర్తిగా ఒక్క ముక్కగా విడుస్తున్నాయని మీ కళ్లతో చూశాక ఆలోచించండి. అప్పటికి బహుశా కొనాల్సిన పనే ఉండదు. ఆడ రొయ్య వీపు మీద పసుపు రంగు మచ్చ కనిపిస్తే అవి లోపల తయారవుతున్న గుడ్లు. గుల్ల విడిచి మగదానితో కలిశాక అవి పొట్ట కిందకి వస్తాయి. 20, 30 గుడ్లుంటాయి. తోక కింది చిన్న కాళ్లతో రాత్రింబవళ్లు వాటికి గాలి విసురుతూనే ఉంటుంది. నాలుగు వారాలకి చీమతలంత పిల్లలు వస్తాయి, పుట్టుకతోనే అచ్చం పెద్దవాటిలాగే ఉంటాయి. గప్పీలూ ఫైటర్లూ వేస్తే వాటిని గుటుక్కుమనిపిస్తాయి. చేపలు వద్దు. స్పాంజ్ ఫిల్టరే ఉండనివ్వండి, వేరే ఫిల్టర్ అయితే పీల్చేసుకుంటుంది.

ఒకవేళ కొన్నా అదే రంగువి కొనండి. నీలం, పసుపు, ఎరుపు కలిపి వేస్తే రెండు మూడు తరాల్లో అన్నీ మట్టి రంగుకి తిరుగుతాయి. చెన్నై కొళత్తూరు నుంచి కొరియర్‌లో తెప్పించుకున్నా, పక్క వీధిలో పెంచేవాళ్ల దగ్గర తీసుకున్నా, కవర్ విప్పి నేరుగా వదలకండి. రొయ్యల్ని కవర్లోని నీళ్లతో సహా చిన్న గిన్నెలో పోసి, ట్యాంక్ నుంచి ఎయిర్ గొట్టం పెట్టి, దానికి ముడి వేసి, ట్యాంక్ నీళ్లని సెకనుకి రెండు చుక్కల చొప్పున గంటన్నర, రెండు గంటలు వదలండి. ఆ తర్వాత రొయ్యల్ని జాలీతో తీసి ట్యాంక్‌లో వేసి, గిన్నెలో నీళ్లు మొక్కలకి పోసేయండి.

ముందు ఈ రాత్రి మీ ఆర్‌ఓ మెషిన్ మీద రాగి అని రాసి ఉందేమో చూసి చెప్పండి. టీడీఎస్, జీహెచ్, అమ్మోనియా అంకెలు దొరికితే అవి కూడా ఇక్కడే రాయండి. రోజుకి ఎంత ఉప్పు వేయాలో లెక్క చూసి చెబుతాను.